మిద్దె అంటే మిద్దే

ఇన్నేళ్లుగా నేను ఒక మాటను మోస్తున్నాను. రెండక్షరాల మాట. కోర్టులో దాని అర్థం నన్ను అడిగారు. తెలిసి కూడా చెప్పలేదు. మొన్నటిదాకా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. తోటి వకీళ్లకు మాత్రం నవ్వుతూ వేరే రకంగా చెప్పుకున్నాను. ఆ నవ్వు గురించి తర్వాత చెబుతాను, తప్పులో అదీ భాగమే.

మీకు ముందే ఒక విషయం చెప్పేయాలి. ఈ వారం నేను చాలా సంతోషంగా ఉన్నాను. స్నానాలగదిలో కూనిరాగాలు తీస్తున్నానని మా ఆవిడ అనుమానంగా చూస్తోంది. మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది. అయినా సంతోషంగానే ఉన్నాను. సిగ్గు లేదా అని అడుగుతారేమో. ఉంది. రెండూ ఉన్నాయి. రెండూ ఒకేసారి ఉండొచ్చని ఈ వయసులో నాకు తెలిసింది.

నేను అనంతపురంలో క్రిమినల్ కేసులు చూసే వకీలును. ఎక్కువగా ముద్దాయిల తరఫున. నా పేరు చెప్పను. ఆ కేసులోని చిన్నపిల్ల పేరు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు, నా పేరు చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. ముద్దాయి పక్కన నిలబడటం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఎంత పెద్ద నేరం మోపినా, ఆ మనిషి తరఫున అడగవలసినవి అడగడానికి ఒకరుండాలి. ఆ విషయం మీద ఇవాళైనా ఎవరితోనైనా పోట్లాడతాను. నేను ఒప్పుకోవలసింది దాని గురించి కాదు.

ధర్మవరంలో పట్టు మగ్గాలున్న ఒక యజమాని నా క్లయింటు. ఒక అవ్వ ఆయన మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టి ఇచ్చేది. తల్లీతండ్రీ లేని మనవరాలు సాయంత్రం బడి అయిపోయాక ఆ కండెల బుట్ట తీసుకుపోయి ఆయనకు ఇచ్చి వచ్చేది. ఒకరోజు ఆయన ఆ పిల్లను లోపలికి పిలిచి తలుపు వేశాడని కేసు. అంతకంటే నేను రాయను. చేశావా లేదా అని ఆయనను నేను అడగలేదు. మా వృత్తిలో అడగరు. కానీ ఆ పిల్ల మాట వచ్చినప్పుడల్లా ఆయన కండువాతో మెడ తుడుచుకునే తీరు చూశాను. నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకుండా ఉండటానికి నేనే తల తిప్పుకున్నాను.

సాక్ష్యం రోజున కోర్టు వరండాలో ఆ అవ్వ నన్ను చూసి లేచి వచ్చింది. నల్లకోటు వేసుకున్నవాళ్లంతా తన తరఫే అనుకుంది కాబోలు. ఒళ్లోని మూట విప్పి, ఉడకబెట్టిన శనక్కాయలు నా దోసిట్లో పోసి, పిల్ల బెదురుతుంది, కొంచెం మెల్లగా అడగండి సామీ అంది. నేను అవతలి వకీలునని చెప్పాలి కదా? చెప్పలేదు. మొహమాటం అనుకోండి. శనక్కాయలు బాగున్నాయి కూడా. తింటూ లోపలికి పోయాను.

ఇలాంటి కేసుల్లో తలుపులు మూసి విచారణ జరుపుతారు. అవ్వ కూడా సాక్షే కనుక తన వంతు వచ్చేదాకా బయటే కూర్చోవాలి. జడ్జిగారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆవిడ, నిజంగా మంచి మనిషి. పిల్లలు సాక్ష్యం చెప్పేటప్పుడు వేదిక మీద నుంచి దిగి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ప్రాసిక్యూటరు కూడా ఆ వైపు నుంచి కొత్తగా వచ్చినాయనే. ఆ గదిలో నోరు విప్పగలిగినవాళ్లలో ఈ నేల మాట తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను, ఆ పిల్ల.

ఆ పిల్ల చెప్పింది, "కండెలు ఈడ పెట్టద్దు, మిద్దెలోకి తీసకరా అన్న్యాడు. పోయినా."

మా వైపు మిద్దె అంటే ఇల్లు. రాతి స్తంభాల మీద దూలాలు వేసి, పైన మట్టి పరిచి కట్టిన చదును కప్పు ఇల్లు. మిద్దెలోకి పోవడమంటే ఇంట్లోకి పోవడమే. కోస్తాలో మిద్దె అంటే పైన ఉండేది, మిద్దెతోట అంటారే, ఆ మిద్దె. జడ్జిగారి ముఖం చూస్తే ఆవిడకు పై అంతస్తు కనిపిస్తోందని నాకు తెలిసిపోయింది. నా క్లయింటు ఇంటికి పై అంతస్తు లేదు. ఫోటోలు నా దగ్గరే ఉన్నాయి. పోలీసులకు ఆ పిల్ల ఇంట్లో అని చెప్పింది, అదీ నా దగ్గరే ఉంది. లేని అంతస్తుకు వెళ్లానందని చూపిస్తే సాక్ష్యం కూలిపోతుంది. ఆ క్షణంలో నాకు కలిగినది ఏమిటో నిజం చెప్పాలా? ఆనందం. మంచి ముక్క పడ్డ పేకాటవాడి ఆనందం.

పిల్లల కేసుల్లో మా ప్రశ్నలు మేం నేరుగా అడగకూడదు, జడ్జిగారే అడుగుతారు. నేను లేచి, ఎన్ని మెట్లు ఎక్కిందో అడగండి మేడమ్ అన్నాను.

"మెట్లు ఎక్కావా అమ్మా?" అన్నారావిడ మెత్తగా.

"మెట్లా? ఆడ యాడుండాయి మేడం మెట్లు?"

"మరి మిద్దెలోకి ఎలా వెళ్లావు?"

"నడిచి పోయినా."

"పైకి ఎక్కలేదా?"

"ఎక్కలే."

"మిద్దెలోకి వెళ్లానన్నావు కదా తల్లీ."

"ఔ. మిద్దెలోకే పోయినా."

జడ్జిగారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "మీరు ఈ ప్రాంతం వారే కదా. ఇక్కడ మిద్దెకు వేరే అర్థం ఏమైనా ఉందా?"

నేను మట్టి మిద్దెలో పుట్టినవాణ్ణి. వానొస్తే మా అమ్మ కారే చోటల్లా గిన్నెలు పెట్టేది. "లేదు మేడమ్. మిద్దె అంటే మిద్దే" అన్నాను.

అదే నేను చేసింది. చూడటానికి అబద్ధం కూడా కాదు. ఎవరైనా నిలదీస్తే తప్పించుకోవడానికి వీలుగా చెప్పిన మాట. జడ్జిగారు పై అంతస్తు అని రాయించారు. ఏదో తప్పు చెప్పానని ఆ పిల్లకు అర్థమైంది, ఏం తప్పో అర్థం కాలేదు. అందరి ముఖాల వంకా ఒక్కొక్కటిగా చూసింది. ఆ తర్వాత అడిగిన ప్రతి ప్రశ్నకూ తెలీదు, తెలీదు అంటూ పోయింది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో ఉగ్గాని బజ్జి తింటూ తోటి వకీళ్లకు ఈ కథ చెప్పాను. పిల్ల పేరు చెప్పలేదు, ఆ మర్యాద పాటించాను. మెట్లు లేని మిద్దె అని నేను పెట్టిన పేరుకు అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. వాళ్లలో సగంమంది మిద్దెల్లో పెరిగినవాళ్లే. ఎవరికీ తట్టలేదా? తట్టింది. అందుకే అంతగా నవ్వారు. ఆ మాట ధర్మవరం దాకా పోయింది. అక్కడి నుంచి ఆ పిల్ల చదివే బడి దాకా పోయిందా? నేను కనుక్కోలేదు.

వాదనలు ముగిశాయి. తీర్పుకు తేదీ ఇచ్చారు. ఆ తేదీ రాకముందే నా క్లయింటు గుండె ఆగి చనిపోయాడు. ముద్దాయి చనిపోతే కేసు అక్కడితో ముగిసిపోతుంది. చేశాడని ఎవరూ చెప్పరు, చేయలేదనీ చెప్పరు. తీర్పే రానప్పుడు నా మాట వల్ల ఎవరికి ఏం నష్టం జరిగింది అని నాకు నేను చెప్పుకున్నాను. వకీలును కదా, ఆ వాదన బాగానే వాదించాను. కానీ వినేవాడు కూడా నేనే, వాడు ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. తర్వాత తర్వాత ఎవరైనా మిద్దె అంటే చాలు, నాకు ఆ పిల్ల చూపు గుర్తొచ్చేది. మా వైపు ఆ మాట వినకుండా ఒక్క పూట గడవదు, మీరే ఊహించుకోండి.

ఏళ్లు గడిచాయి. పోయిన వారం గుంతకల్లు వెళ్లాను. మా అమ్మాయి అక్కడ రైల్వేలో పని చేస్తుంది. దాని స్నేహితురాలు, అదే ఆఫీసులో పని చేసే అమ్మాయి, సొంతంగా ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి నువ్వూ రావాలి నాయనా, ఓళిగలు చేయిస్తున్నారు అని మా అమ్మాయి ఫోన్ చేసింది. ఓళిగలంటే, అదే బొబ్బట్లంటే, నేను ఎక్కడికైనా వస్తానని దానికి తెలుసు.

ముందురోజే వాన పడింది. మా వైపు వాన పడితే మనుషుల ముఖాలే మారిపోతాయి. పందిరి కింద ప్రతివాడూ పక్కవాడికి తన ఊళ్లో ఎంత పడిందో చెప్పుకుంటున్నాడు, కొంచెం ఎక్కువ చేసి. కొత్త ఇంట్లోకి ముందుగా ఆవును నడిపించాలి కదా. ఆ ఆవు గడప దాకా రాజసంగా వచ్చి, లోపల తళతళలాడే టైల్సు చూసి, నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడిపోయింది. ఒకరు అరటిపండు చూపించారు, ఒకరు బెల్లం. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని ఒకటే కేకలు. వెనక నుంచి తోయబోయినాయన తలగుడ్డను ఆవు తోకతో ఎగరగొట్టింది. పిల్లలు కింద పడి దొర్లి నవ్వుతున్నారు. ఇంటామె పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆవు ముందుకొచ్చి, "రా తల్లీ, లోపలికి వచ్చెయ్. భయం లేదు, నేనున్నాను కదా" అని బతిమాలింది.

"ఆవుకు నీ పుస్తకం తెలుగు యాడర్థమైతాదిమే?" అన్నాడు తలగుడ్డ పోయిన మామ. "మన మాట మాట్లాడు, అదే వస్తాది."

అందరూ గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. "మన మాట ఒకసారి మాట్లాడి చెడ్డాను మామయ్యా. ఒక్క మాటకు అంతా తలకిందులైంది. అప్పటినుంచి ఇంతే, నన్ను వదిలేయండి" అంది.

ఎవరో గోనెసంచులు తెచ్చి పరిచారు. ఆవు వాటి మీద దర్జాగా నడిచి పోయి హాలు నడిమధ్యలో పేడ వేసింది. శుభమని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూనే లోపల కుర్చీలో కొత్త చీర కట్టుకుని కూర్చున్న ముసలామెను చూశాను. ఆ అవ్వ. నా చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయాయి.

ఇల్లు కట్టుకున్నది ఆ పిల్లే. నన్ను గుర్తు పట్టలేదు. అప్పుడు నాకు తల నిండా జుట్టు, ముఖం నిండా మీసం. ఇప్పుడు రెండూ లేవు. భోజనాల బంతిలో తనే ఓళిగ వేస్తూ, "ఇంకొకటి వేసుకోండి అంకుల్, మొహమాటపడకండి" అంది. నేను పక్కనున్న మా అమ్మాయిని అడిగాను, ఈ పిల్ల ఎప్పుడూ ఇలాగే మాట్లాడుతుందా అని. ఎప్పుడూ ఇంతేనంది. హాస్టల్లో ఉన్నప్పుడు అద్దం ముందు కూర్చుని రేడియో వాళ్లలాగా మాట్లాడటం నేర్చుకుందట. నాకు మాట సరిగ్గా రాదు, నా నోటి వల్లే ఒకసారి పెద్ద నష్టం జరిగింది అంటుందట. ఏం నష్టమో మాత్రం చెప్పదట.

నెయ్యి వేసిన ఓళిగ ముందుంది. దాన్ని విస్తరి మూలకు జరిపాను. తీర్పు రాలేదు కనుక ఎవరికీ నష్టం లేదన్నానే! ఈ పిల్ల తనకు తానే తీర్పు చెప్పుకుని, శిక్ష కూడా వేసుకుని, తన ఇంటి మాటను తన నోట్లోంచి తీసి పారేసింది. నేను చేసిన తప్పును ఇన్నేళ్లూ తనదనుకుంటూ మోస్తోంది. మధ్యాహ్నం బండికి నేను వెళ్లిపోవచ్చు. ఎవరికీ తెలియదు. ఇంత మంచి రోజున పాతది తవ్వడం న్యాయమా అని కూడా అనిపించింది. అది ఆమె మీద దయా, నా మీద నాకున్న దయా? చెప్పడం ఆమె కోసమా, నా బరువు దించుకోవడానికా? తేల్చుకోలేకపోయాను. తేలేదాకా ఆగితే చచ్చేదాకా ఆగాలని మాత్రం అర్థమైంది. చేయి కడుక్కుని పెరట్లోకి పోయాను.

వంటవాళ్లు పెద్ద బాండ్లీలో బజ్జీలు వేస్తున్నారు. ఆ అమ్మాయి సాంబారు బకెట్ నింపుకోవడానికి ఒక్కతే వచ్చింది. నేను చేతులు కట్టుకుని చెప్పాను. "అమ్మా, నువ్వు కోర్టులో మిద్దె అన్నావు. సరిగ్గానే అన్నావు. జడ్జిగారు నన్ను అర్థమడిగితే నేను దాచిపెట్టినా. ఆ వకీలును నేనే."

బకెట్ కింద పెట్టింది. నా ముఖంలో ఆ పాత ముఖాన్ని వెతుక్కుంది. దొరికినట్టుంది.

"నీకు తెలుసా?" అంది.

"తెలుసు. మాదీ ఈ జిల్లానే, యాడికి ఊరు. మిద్దెలోనే పుట్టినా."

ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. "ఏమప్పా, ఇంత పెద్దమనిషివి, తెలిసే చేసినావా? ఇన్నేండ్లు నా నోటినే తిట్టుకుంటి గదప్పా! నాకు మాట రాదు, నాకు మాట రాదు అని సచ్చిపోతి గదప్పా!" పుస్తకం తెలుగు ఎటు పోయిందో పోయింది. గొంతు ఆ పిల్లదే. తిట్లు కూడా వచ్చాయి, అవి రాయను. అన్నీ నాకు తగినవే. తిడుతూనే తల వెనక్కి తిప్పి కేకేసింది, "అవ్వా! ఓ అవ్వా! బిన్నా రా ఈడికి! ఈయప్ప ఏమో చెప్తాండాడు ఇను!"

అవ్వను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. వాళ్ల వెనకే మామ, అత్తలు, ఎవరెవరో. పెరటి గుమ్మంలో మా అమ్మాయి కూడా, చేతిలో తాంబూలం పళ్లెంతో.

"చెప్పు" అంది ఆ అమ్మాయి. "గట్టిగా చెప్పు, మా అవ్వకు చెవుడు."

బజ్జీలు వేసేవాడు కూడా గరిటె ఆపాడు. నేను కోర్టులో ఎన్నోసార్లు గొంతెత్తాను, అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "అవ్వా, నీ మనవరాలు ఆ పొద్దు కోర్టులో తప్పేం చెప్పలే. మిద్దె అంటే ఇల్లేనని నాకు తెలుసు. తెలిసే జడ్జమ్మకు అబద్ధం చెప్పినా."

అవ్వ నా వైపు చూసింది. ఆ శనక్కాయలు గుర్తొచ్చాయో లేదో తెలియదు. "మిద్దెను మిద్దె అనక ఇంకేమంటారప్పా?" అంది చివరికి, నిజంగానే అర్థం కాక.

"అదే గదవ్వా! నేను తప్పు చెప్పలే!" అని ఆ అమ్మాయి అవ్వ మెడ చుట్టూ చేతులు వేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నాయమ్మే, నిన్నే తిడితి గదమ్మా ఆ పొద్దు" అని అవ్వ ఆమె తల నిమిరింది. అత్తలు ముక్కులు చీదుకున్నారు. మామ నా వైపు రెండడుగులు వేస్తే ఎవరో పట్టుకున్నారు.

క్షమించమని నేను అడగలేదు. అడిగే హక్కు లేదనిపించింది. ఆమె కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగి, "తిన్నావు గదా. ఇంక పో. మళ్లా మా ఇంటికి రావద్దు" అంది. సరేనమ్మా అన్నాను. మా అమ్మాయి నన్ను సాగనంపడానికి రాలేదు. నా పక్క నుంచే నడిచిపోయి స్నేహితురాలి దగ్గర నిలబడింది. ఆ క్షణంలో నాకు నొప్పి కలిగింది, దాన్ని అలా పెంచినందుకు గర్వం కూడా కలిగింది.

ముద్దాయి నేరం చేశాడని ఏ కోర్టూ ఇక చెప్పదు. అది నేనూ తెచ్చి ఇవ్వలేను. మిద్దె అంటే ఏమిటో మాత్రం చెప్పగలిగాను, అదీ ఇంత ఆలస్యంగా. ఇది చాలా చిన్నది. చిన్నదని నాకు తెలుసు.

గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే లోపల నుంచి ఆమె గొంతు వినిపించింది. కోపం దిగలేదు కాబోలు, మా వైపు మాట కూడా దిగలేదు. "ఎవురప్పా ఆడ! బంతిలో జనం కూచోనుండారు, సాంబారు తేండి బిన్నా! ఓళిగలు శానా ఉండాయి, ఎవురూ తినకుండా పోగూడదు!" వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా. ఎవరో ఏదో అన్నారు. ఇల్లంతా నవ్వింది, అందరికంటే గట్టిగా ఆమె. నేను ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, అలాగే నిలబడి విన్నాను.